కల్యాణికి కరెంటు కోత

ఇకమీదట రాష్ట్రంలో జరిగే ప్రతి పెళ్లి రిసెప్షన్‌లోనూ అవాంట్‌గార్డ్ స్ట్రింగ్ క్వార్టెట్ తప్పనిసరి చేస్తూ ప్రభుత్వం వెంటనే జీవో తీయాలని నా డిమాండు. తీయకపోతే నిరాహారదీక్షకు కూర్చుంటాను. భోజనం చేశాకే కూర్చుంటాను, కానీ కూర్చుంటాను!

అదేం జంతువు అంటారా? చెబుతాను. రెండు వయొలిన్లు, వాటికి అన్నలాంటి వయోలా, ఆ ముగ్గురికీ తాతలాంటి చెల్లో. ఈ నాలుగూ కలిస్తే స్ట్రింగ్ క్వార్టెట్. పడమటి దేశాల శాస్త్రీయ సంగీతం పద్ధతిలో చక్కగా కాగితం ముందు పెట్టుకుని మొదలుపెడతారు. కాసేపటికి అదే సంగీతంలోకి ఫ్రీ జాజ్ వచ్చి కలుస్తుంది. ఇక ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తారు. ఒకరు తీగ మీద కమాను లాగుతుంటే ఇంకొకరు చెక్క మీద లాగుతారు. మూడోవారు కమాను తిరగేసి కొడతారు. నాలుగోవారు ఊరికే కళ్లు మూసుకుని కూర్చుంటారు. అది కూడా సంగీతమే! వినేవాడికి మాత్రం నలుగురు అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటున్నట్టు ఉంటుంది.

దీనివల్ల లాభమేమిటని అడుగుతున్నారా? లాభం కానిది ఏముందో మీరే చెప్పండి!

ఇందులో అపస్వరం అనే మాటే లేదు. తప్పు వాయిస్తే అదే కొత్తదనం. అదే తప్పు రెండోసారి వాయిస్తే స్టైలు. ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేసే పెద్దమనుషుల చెయ్యి ఎక్కడ దించాలో తెలియక గాల్లోనే ఆగిపోతుంది. "నెక్స్ట్ ఆ సినిమా పాట వాయించండి సార్" అని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఏమో, ఇప్పుడు వాయిస్తున్నది అదేనేమో!

అంతేనా? తిరుపతిలో కొండకు దగ్గరగా ఇల్లున్నవాళ్లకు కోతుల సంగతి నేను చెప్పనక్కర్లేదు. వయొలిన్ మాస్టారు సుదర్శనంగారి ఇంట్లో క్వార్టెట్ రిహార్సల్ మొదలైన నాటి నుంచి మిద్దె మీద ఆరబెట్టిన వడియాల జోలికి ఒక్క కోతి వస్తే ఒట్టు. ఒకటి మాత్రం ధైర్యం చేసి పిట్టగోడ ఎక్కిందట. చెల్లో మూలిగిన మూలుగుకు పిల్లను కడుపుకు కరుచుకుని వెనక్కి చూడకుండా పోయింది. "ఏం రాగమో నాకెందుకు? రోజూ వాయించండి, మినప వడియాలు కూడా పెట్టుకుంటాను," అన్నారు ఆయన భార్య పద్మాక్షిగారు.

ఇక రెండో వయొలిన్ వాయించే చాందినిది పలమనేరు. వాళ్లది పాడి ఇల్లు. వాళ్ల నల్లావు పాలు ఇవ్వకుండా ఎగచేపడంలో మండలానికే పేరు మోసింది. చాందిని సెలవులకు ఇంటికి వెళ్లి పశువుల కొట్టం పక్కన సాధన చేసింది. ఆవు మొదటి రోజు కట్టు తెంపుకుంది. రెండో రోజు నుంచి చాందిని వయొలిన్ పెట్టె తెరవడం చూస్తే చాలు, తప్పేలా నిండా పాలిచ్చేసి, ఇక నన్ను విడిచిపెట్టండి అన్నట్టు గుమ్మం వైపు తిరిగి నిలబడుతోందట! ఏ మందుకు, ఏ దాణాకు ఉంది ఈ శక్తి?

అయితే సుదర్శనంగారు ఈ క్వార్టెట్‌లో చేరింది కోతుల కోసమూ కాదు, పాల కోసమూ కాదు. ఆయనకు జీవితంలో ఒకే ఒక్క కోరిక. కల్యాణి రాగం ఆలాపన మొదటి నుంచి చివరిదాకా, మనుషులున్న చోట, ఎవరూ మాట్లాడకుండా ఉండగా వాయించాలి. ఒక్కసారి. చప్పట్లు కూడా వద్దు.

ఇది కోరికా అని నవ్వకండి. ఆయన తిరుపతిలో పెళ్లి రిసెప్షన్లకు వయొలిన్ వాయించి బతికిన మనిషి. వధూవరులకు ఒక పక్క ఫొటోలు, మరో పక్క అక్షింతలు, మూలన చిన్న వేదికపై సుదర్శనంగారు. ఆయన కల్యాణి ఎత్తుకోవడం, ఎవరో ఒకరు వచ్చి వంగి చెవిలో చెప్పడం: "సార్, సౌండ్ కొంచెం తగ్గించుకోండి, ఆడ మాట్లాడుకుంటుండారు." ఏళ్ల తరబడి తగ్గించి తగ్గించి, చివరికి ఆయన వయొలిన్ ఆయనకే వినబడని స్థితికి వచ్చింది.

ఈ మాట్లాడుకునేవాళ్లలో మహారాజు శేషసాయిగారు. పద్మాక్షిగారి అక్క మొగుడు, అంటే సుదర్శనంగారికి తోడల్లుడు. ఏ రిసెప్షన్‌కు వెళ్లినా ముందు వరసలోనే కూర్చుంటారు. తన మోకాలి ఆపరేషన్ గురించి మొదలుపెడతారు. కల్యాణి పై షడ్జానికి చేరేసరికి డాక్టరుగారు చిప్ప తెరుస్తారు. కిందికి దిగేసరికి కుట్లు వేస్తారు. ఆ ఆపరేషన్ జరిగి ఎన్నాళ్లయిందో కానీ, ఆ కుట్లు మాత్రం ప్రతి ముహూర్తానికీ కొత్తగా పడుతూనే ఉన్నాయి.

ఇలాంటి రిసెప్షన్ ఒకటి ముగించుకుని ఇంటికొచ్చి సుదర్శనంగారు వయొలిన్ పెట్టెను అటక మీద పెట్టేశారు. పద్మాక్షిగారు అన్నానికి పిలిస్తే వద్దన్నారు. అప్పుడే వచ్చింది మేనకోడలు గోదా. బెంగుళూరులో సంగీతం చదివి, చెల్లో ఒకటీ, తల నిండా ఆలోచనలూ వెంటబెట్టుకుని తిరిగొచ్చిన పిల్ల.

"మామా, నా క్వార్టెట్‌లో ఒక చోటు ఖాళీగా ఉండాది. వస్తావా?" అంది.

"నా కల్యాణే ఎవరూ వినరు. నీ గోల ఎవరు వింటారమ్మా?"

"వినకపోతే పోనీ మామా. దాన్ని దాటి మాట్లాడమను చూద్దాం! మాట్లాడి మాట్లాడి గొంతు పోయినాక అందరం ఒక్కసారిగా ఆపేస్తాం. అప్పుడు నువ్వు ఒక్కడివే కల్యాణి ఎత్తుకో. అడ్డమొచ్చేదానికి ఎవరికీ గొంతుండదు."

సుదర్శనంగారు లేచి అటక మీది పెట్టె దించారు. ఆ తర్వాత అన్నం కూడా తిన్నారు.

గోదా రాసిన సంగీతంలో స్వరాలుండవు. చుక్కలు, మెలికలు, గీతలు. నడిమధ్యలో ఒక ఖాళీ చోటు. అది మామ కల్యాణికి వదిలింది. ఆ కాగితం భోజనాల బల్ల మీద పడి ఉంటే పద్మాక్షిగారు చూసి, మేనకోడలు బెంగుళూరు నుంచి కొత్త ముగ్గు తెచ్చిందని మురిసిపోయి, పొద్దున్నే వాకిట్లో వేసేశారు. వీధిలో ఆడవాళ్లంతా ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. గోదా వచ్చి గేటు దగ్గర నిలబడి, ముగ్గును ఈ కొస నుంచి ఆ కొసదాకా పెదవులు కదుపుతూ చదివింది.

"అత్తా, ఈడ మెలిక ఒకటి ఎక్కువ పడింది."

"తుడిచేయనా?"

"వద్దొద్దు, ఇదే బాగుంది. ఇట్లే వాయిస్తాం."

చూశారా? ఆధునిక సంగీతం సామాన్యులకు దూరమైపోయిందని బాధపడే విమర్శకులు ఒకసారి ఆ వీధికి వెళ్లి రావాలి.

వయోలా వాయించే మురుగేష్‌ది నగరి. తండ్రి వెంకటముని, పవర్‌లూమ్ మగ్గాల షెడ్డు నడుపుతారు. మురుగేష్ అక్కకు పెళ్లి కుదిరింది. క్వార్టెట్ మొదటి ప్రదర్శన ఆ రిసెప్షన్‌లోనే అని నిర్ణయమైంది. నలుగురూ బస్సెక్కారు. చెల్లో కూడా ఎక్కి సీట్లో కూర్చుంది. వడమాలపేటలో ఎక్కిన ఒక అవ్వ దాని భుజం తట్టి, "రోంత జరుగు నాయనా," అంది. అది జరగలేదు. "ఈ కాలం బిడ్డలకు పెద్దోళ్లంటే లెక్కే లేదు," అని పుత్తూరు దాకా దానికి బుద్ధులు చెబుతూనే ఉంది.

దారి పొడుగునా సుదర్శనంగారికి ఒకటే దిగులు. ఈ గోలకు జనం లేచి కొడితే? తన్నులు తిన్నా ఫరవాలేదు, కల్యాణి అయ్యాక కొడితే చాలు అనుకున్నారు.

వెంకటముని మండపం గుమ్మంలోనే ఎదురొచ్చారు. "రాండి సార్, రాండి. మావోడు సెప్పినాడు, ఏందో కొత్తది వాయిస్తారంట గదా. సద్దు ఎక్కువని మొగమాటపడొద్దండి. మేం పుట్టినప్పట్నుంచి మగ్గాల సద్దులోనే ఉండాము."

వేదిక మీద ముగ్గురు పిల్లలు కుర్చీల్లో, సుదర్శనంగారు మాత్రం చాప మీద పద్మాసనం వేసుకుని. మొదలైంది. చెల్లో గుర్రు పెట్టింది. వయోలా గీపెట్టింది. చాందిని కమాను తిరగేసి టకటకా కొట్టింది. సుదర్శనంగారు గురువుగారికి మనసులో క్షమాపణ చెప్పుకుని, నాలుగు తీగలూ ఒక్కసారే లాగారు.

జనం లేచి కొట్టలేదు. కనీసం ఉలిక్కిపడలేదు. పైగా అందరి ముఖాల్లో ఒక నెమ్మది! ముసలివాళ్లు కుర్చీల్లో వెనక్కి వాలారు. పసిబిడ్డలు నిద్రపోయారు. ఆడవాళ్లు పెదవులు కదుపుతూ, చేతులు తిప్పుతూ ఎంత దూరం నుంచైనా హాయిగా మాట్లాడుకుంటున్నారు. మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాళ్లకు గొంతుతో పనేముంది? పెదవులు చూస్తే చాలు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందని సుదర్శనంగారి ప్రాణం ఉసూరుమంది.

ఇంతలో కాగితంలో రాసినట్టుగా చాందిని వాయించడం ఆపి, కమాను ఒళ్లో పెట్టుకుంది. మూడో వరసలో కునుకుతున్న చిన్నబ్బ అనే పెద్దాయన టక్కున కళ్లు తెరిచాడు. వెంకటముని షెడ్డులో ముసలి పనివాడు.

"ఒగ మగ్గం నిలిచిపొయింది సూడండప్పా!" అంటూ లేచి, నేరుగా వేదిక మీదికే వచ్చి చాందిని వయొలిన్‌లోకి తొంగి చూశాడు. "ఏం పాపా, పోగు తెగిందా?"

"లేదు తాతా. నాకిప్పుడు రెస్టు."

"అట్లనా? సరే సరే," అని దిగిపోయి మళ్లీ నిద్రపోయాడు.

ఇక ఆ ఖాళీ చోటు వచ్చింది. గోదా తల ఊపింది. అందరూ ఒక్కసారిగా ఆపేశారు.

ఏం జరిగిందో చెబితే నమ్మరు. మండపం మొత్తం అదిరిపడి లేచింది! నిద్రపోయేవాళ్లు మేలుకున్నారు. మాట్లాడే పెదవులు మాట మధ్యలో ఆగిపోయాయి. వడ్డించేవాడు గరిటె గాల్లోనే పట్టుకుని నిలబడ్డాడు. పసిబిడ్డ ఒకటి ఉలిక్కిపడి లేచి, ఏడవాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయింది. అందరూ తలలు పైకెత్తి ఫ్యాన్ల వైపు చూశారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. లైట్లు వెలుగుతున్నాయి. మరి సద్దేమైంది? అందరూ ఊపిరి బిగబట్టారు.

సుదర్శనంగారికి ఇవేవీ తెలియవు. ఆయనకు తెలిసింది ఒక్కటే. హాల్లో ఎవరూ మాట్లాడటం లేదు. కమాను ఆనించి, కింది స్థాయిలో కల్యాణి ఎత్తుకున్నారు. మెల్లగా ఒక్కో స్వరమే పట్టుకుని పైకి వెళ్లారు. పై షడ్జం దగ్గర నిలబడ్డారు. ఎవరి మోకాలి చిప్పా తెరుచుకోలేదు. అక్కడి నుంచి తీరిగ్గా, ఎవరూ తొందరపెట్టని మనిషిలాగా కిందికి దిగారు. ఆఖరి స్వరం ఆగిపోయాక కమాను దించారు. కళ్ల నిండా నీళ్లు.

వెంకటముని వేదిక దగ్గరికి వచ్చారు.

"కరెంటు పొయ్యిందనుకొంటిమి సార్," అన్నారు. "మగ్గాల సద్దు నిలిచిపోతే మాకు భయం. ఎప్పుడొస్తుందా ఎప్పుడొస్తుందా అని సెవులు పెట్టుకోనుంటాం. ఎవురూ నోరు మెదపరు."

"అయితే మీరెవరూ నా వయొలిన్ వినలేదా?" అని అడిగారు సుదర్శనంగారు.

"ఎందుకినలేదు సార్? ఇనక ఏం జేస్తాం? ఇంగే సద్దూ లేదు గదా! బాగుండాది. సద్దు పోయినప్పుడు వాయించినారే, అది బాగుండాది."

సుదర్శనంగారు తిరుపతికి తిరిగొచ్చింది బస్సులో కాదు, గాల్లో! ఇక దొరికింది మందు. ముందు గోల, తర్వాత నిశ్శబ్దం, తర్వాత కల్యాణి. ఇది తిరుపతిలో, అదీ శేషసాయిగారి కొడుకు రిసెప్షన్‌లో ప్రయోగించాలని పట్టుబట్టారు. తోడల్లుడి కచేరీ కాబట్టి ఆయనా కాదనలేదు.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు, సంగీతం విలువ తెలిసినవాళ్లు. క్వార్టెట్ గోల మొదలుపెట్టింది. శేషసాయిగారు గొంతు పెంచారు. చెల్లో పెంచింది. శేషసాయిగారు ఇంకా పెంచారు. ఆయన మోకాలికి పోటీగా పక్కాయన షుగరు, దాని వెనక ఇంకొకాయన స్థలం రిజిస్ట్రేషను. ఎవరి గొంతూ తగ్గలేదు, ఎవరి గొంతూ పోలేదు. గోదా లెక్క తప్పింది. ఇన్నేళ్ల సాధన ఉన్న గొంతులు అంత తేలిగ్గా పోతాయా?

గోదా తల ఊపింది. నలుగురూ ఆపేశారు. హాలు ఆపలేదు! అదే స్థాయిలో, అదే వేగంతో సాగిపోతూనే ఉంది. అప్పుడర్థమైంది, ఫ్రీ జాజ్ మనకు కొత్తేమీ కాదని. ఎవరికి తోచింది వాళ్లు, ఒకరినొకరు వినకుండా, అందరూ ఒకేసారి! కాకపోతే జాజ్ వాళ్లు పక్కవాణ్ని విని వాయిస్తారు పాపం.

సుదర్శనంగారు కల్యాణి ఎత్తుకున్నారు. రెండు స్వరాలు పడ్డాయో లేదో, శేషసాయిగారు లేచి వస్తున్నారు. సౌండ్ తగ్గించమంటారని సుదర్శనంగారు కమాను ముందే తేలిక చేశారు.

"ఏం స్వామీ, ఇందాకటి గోల ఎందుకు ఆపేశారు?" అన్నారు శేషసాయిగారు. "అదే వాయించండి. ఆ సద్దులో అయితే మేము ఎవరి గురించి మాట్లాడుకున్నా వాళ్లకు వినబడదు. ఎంత సౌకర్యంగా ఉండిందో! ఇది వాయిస్తే అన్నీ బయటపడిపోతాయి."

సుదర్శనంగారు తల వంచుకుని ఇందాకటి గోలే మళ్లీ వాయించారు. ఈసారి మాత్రం మనస్ఫూర్తిగా, పళ్లు కొరుకుతూ వాయించారు. ఆ రోజు ఆయన ఫ్రీ జాజ్ అద్భుతంగా ఉందని గోదా ఈరోజుకీ చెబుతుంది.

ఇంటికొచ్చాక వయొలిన్ పెట్టె మళ్లీ అటకెక్కింది. కోతులు మళ్లీ పిట్టగోడెక్కాయి. పద్మాక్షిగారు మొగుడి మొహం చూసి, వడియాలు తీసి లోపల ఆరబెట్టుకున్నారు.

కొన్నాళ్లకు మురుగేష్ ఫోన్ చేశాడు. "సార్, రేపు మా ఊర్లో లైను మరమ్మత్తంట. పొద్దుటి నుంచి మద్యానం దాకా కరెంటుండదు. నాయన మిమ్మల్ని రమ్మంటుండాడు."

"నన్నా? కరెంటు పోతే నేనేం చేస్తాను?"

"పోయినప్పుడు వాయించేది వాయించాలంట."

పెట్టె దించి చంకన పెట్టుకుని, సుదర్శనంగారు పొద్దున్నే బస్సు పట్టుకున్నారు.

వెంకటముని షెడ్డులో మగ్గాలన్నీ నిలిచి ఉన్నాయి. సగం నేసిన చీరలు మగ్గాల మీదే ఉన్నాయి. వాటి మధ్య చాప వేశారు. పనివాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. చిన్నబ్బ అందరికన్నా ముందు. సుదర్శనంగారు కల్యాణి ఎత్తుకున్నారు. సగం ఆలాపన అయ్యింది. పై షడ్జం ఇంకా అందలేదు.

కరెంటు వచ్చేసింది! చెప్పిన టైముకన్నా ముందు కరెంటు రావడం మన దేశ చరిత్రలో అదే మొదటిసారి అయి ఉంటుంది. షెడ్డులో లైట్లు వెలిగాయి. వీధిలో అటు పక్క షెడ్డు, ఇటు పక్క షెడ్డు టకటకమని లేచాయి. పనివాళ్లు అలవాటు చొప్పున లేచి నిలబడ్డారు. సుదర్శనంగారు కమాను ఎత్తేశారు. ఇక్కడ కూడా ఇంతే అనుకున్నారు.

మగ్గాల మెయిన్ స్విచ్చి దగ్గర వెంకటముని నిలబడి ఉన్నారు. చెయ్యి స్విచ్చి మీదే ఉంది. చీరలు ఆ వారమే షాపుకు పంపాలి.

"కానీయండి సార్," అన్నారు. "నడిమిట్ల తెంపొద్దు. అయిపోయినాంక ఏస్తా."

"పక్కన ఇంత సద్దులో ఏం వినబడుతుంది వెంకటమునీ?"

"ఎనిమిది మగ్గాలాడతా ఉంటే ఒగ పోగు తెగింది ఇనబడతాది మా సెవులకు. మీది ఇనబడదా?" అని చిన్నబ్బ చాప దాకా జరిగి వచ్చి, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. అతని వెనక మిగతావాళ్లు కూడా జరిగారు.

సుదర్శనంగారు పై షడ్జం చేరారు. నిలబడ్డారు. తీరిగ్గా దిగారు. ఆఖరి స్వరం పూర్తిగా ఆగిపోయాక, ఆయన కళ్లు తుడుచుకుని తల ఊపాక, వెంకటముని స్విచ్చి వేశారు.

అందుచేత మహారాజశ్రీ ప్రభుత్వం వారికి మనవి: నా పాత డిమాండు వెనక్కి తీసుకుంటున్నాను. క్వార్టెట్ ఉన్నా సరే, లేకపోయినా సరే. తిరుపతి రిసెప్షన్ హాళ్లలో మనిషి నోటికో స్విచ్చి పెట్టించండి చాలు. వెంకటమునిలాగా ఎవరిది వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. శేషసాయిగారిది మాత్రం నాకివ్వండి.